సెషన్ మూసేశాక ఆబ్జెక్ట్ ఎందుకు ఎర్రర్ ఇస్తుంది?

పైథాన్‌లో డేటాబేస్ పనులకి వాడే లైబ్రరీ ఎస్‌క్యూఎల్ఆల్కెమీలో ఆర్డర్ సేవ్ చేసి, కమిట్ కొట్టి (అంటే మార్పుల్ని ఖరారు చేసి), సెషన్ తెరిచిన విత్ బ్లాక్ దాటాక కస్టమర్ పేరు అడిగితే డిటాచ్డ్ ఇన్‌స్టెన్స్ ఎర్రర్ వస్తోందని అడిగారు. టెన్షన్ పడకండి, మీ డేటా భద్రంగానే ఉంది. తెగిపోయింది ఆబ్జెక్ట్‌కీ, డేటాబేస్‌తో మాట్లాడే సెషన్‌కీ మధ్య ఉన్న లింకు మాత్రమే.

ఎర్రర్ మెసేజ్ చివరిదాకా చదవండి, అసలు సంగతి అక్కడే ఉంటుంది. ‘లేజీ లోడ్ ఆపరేషన్’ అని ఉంటే, కస్టమర్ వివరాలు అసలు తెచ్చుకోలేదన్నమాట. రిలేషన్‌షిప్‌ని (ఆర్డర్‌ని కస్టమర్‌తో కలిపే లింకుని) మనం ముట్టుకున్నప్పుడే అది విడిగా క్వెరీ వేస్తుంది. అప్పటికి సెషన్ మూసేసి ఉంటే ఎవరిని అడగాలి? అందుకే మొదటి క్వెరీలోనే ఆప్షన్స్‌లో జాయిన్డ్‌లోడ్ పెట్టి కస్టమర్‌ని కూడా తెప్పించుకోండి. ఒక ఆర్డర్‌లో బోలెడు ఐటమ్స్ ఉండే లిస్టు అయితే సెలెక్ట్‌ఇన్‌లోడ్ మేలు, అది ఐటమ్స్‌ని విడి క్వెరీలో తెస్తుంది కాబట్టి ఆర్డర్ వరుసలు పదేపదే రావు.

‘యాట్రిబ్యూట్ రిఫ్రెష్ ఆపరేషన్’ అని ఉంటే కారణం వేరు. కమిట్ కాగానే ఆబ్జెక్ట్‌లోని విలువలన్నీ పాతవైపోయినట్టు లెక్క, మళ్లీ చదవాల్సిందే. సెషన్ తయారుచేసేటప్పుడు ఎక్స్‌పైర్ ఆన్ కమిట్‌ని ఫాల్స్ చేస్తే ఇది ఆగుతుంది. కానీ లేజీ లోడ్ తప్పుకి ఇది మందు కాదు. చాలామంది ఇక్కడే పొరపడి గంటలు పోగొట్టుకుంటారు, చూస్తే బాధేస్తుంది.

ఇంకోటి, రిలేషన్‌షిప్‌కి లేజీ విలువ ‘రైజ్’ అని ఇచ్చి టెస్టులు నడపండి. సెషన్ తెరిచి ఉన్నా, ముందే తెచ్చుకోని చోటల్లా ఎర్రర్ వచ్చి తప్పు అక్కడే దొరికిపోతుంది.