అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇంత మంచి వసతులున్నా రిసీవర్లు (విసిరిన బంతిని పట్టే ఆటగాళ్లు) వేరే జట్లకు ఎందుకు వెళ్లిపోతున్నారు?

భవనాలకు వచ్చే డబ్బు, ఆటగాళ్లకిచ్చే డబ్బు వేర్వేరు పద్దులు కాబట్టి. ప్రాక్టీస్ హాలు కోసమని దాత రాసిచ్చిన విరాళాన్ని, రిసీవర్‌కు మళ్లించడం కుదరదు.

ఒకప్పుడు స్కాలర్‌షిప్‌కు మించి ఆటగాడికి డబ్బిస్తే నిబంధనలు ఒప్పుకునేవి కావు. దాంతో యూనివర్సిటీలు తమ పోటీనంతా లాకర్ రూములు, జిమ్‌ల మీద చూపించాయి. ఆరెగాన్ యూనివర్సిటీలో నైకీ సహ వ్యవస్థాపకుడు ఫిల్ నైట్ అండతో 2013లో తెరిచిన హాట్‌ఫీల్డ్-డౌలిన్ కాంప్లెక్స్ అలాంటిదే. జిమ్‌కు బ్రెజిల్ గట్టి చెక్కతో నేల వేశారు, ఆటగాళ్లకు లోపలే సెలూన్ పెట్టారు. కుర్రాళ్లను ఆకట్టుకోవడానికి అప్పట్లో అదే దారి.

2021 నుంచి ఆటగాళ్లు ప్రకటనల సొమ్ము తీసుకోవచ్చు. 2025 జులై నుంచి యూనివర్సిటీయే నేరుగా చెల్లించవచ్చు. పైగా చదువు సరిగా సాగుతుంటే జట్టు మారినా ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదు. ఇక సెలూన్ చూసి ఎవరు ఆగుతారు?

బడ్జెట్ పెద్దదైతే ఎంతైనా ఇవ్వొచ్చని చాలామంది పొరబడతారు. మొదటి ఏడాది యూనివర్సిటీ నేరుగా చేసే చెల్లింపుల పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు, అదీ యూనివర్సిటీలోని క్రీడలన్నిటికీ కలిపి. బయటి కంపెనీల ప్రకటనల ఒప్పందాలు మాత్రం ఈ లెక్కలోకి రావు.