ఐదొందల నోటు పోతుందట అన్నావు కదా

బుజ్జీ,

రాత్రి నువ్వు ఫోన్ చేసేసరికే మీ అమ్మ బియ్యం డబ్బాలోంచి ఐదొందల నోట్లు తీసి మంచం మీద పరిచిందన్నావు. "2026 మార్చి నుంచి 500 నోటు ఉండదట, ఫోన్ తెరిస్తే అదే ట్రెండింగ్" అని నీ టెన్షన్ నీది. నిద్రమత్తులో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నా.

ఆ తేదీ గాల్లోంచి ఊడిపడలేదు. 2025 ఏప్రిల్ 28న రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఏటీఎం లోపల నోట్లు పెట్టే డబ్బాల్ని మేం క్యాసెట్లంటాం. వాటిలో కనీసం ఒకదాంట్లోంచి వందో, రెండొందలో రావాలి. సెప్టెంబరు 30కల్లా 75 శాతం ఏటీఎంలలో, 2026 మార్చి 31కల్లా 90 శాతంలో. జనానికి చిన్న నోట్లు దొరకాలని పెట్టిన రూలు, అంతే. ఆ తేదీ పట్టుకుని ఎవరో ఐదొందల నోటుకి ముహూర్తం పెట్టేశారు. అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం, పీఐబీ ఫ్యాక్ట్ చెక్ వాళ్లు చెప్పారు కూడా, కానీ అది ట్రెండ్ అవదుగా!

అందుకే ఇలాంటిది కనపడగానే మొత్తం నిజమా, మొత్తం అబద్ధమా అని తేల్చేయకు. ఇందులో నిజమైన ముక్క ఏది అని వెతుకు. తేదీయో అంకెయో దొరికితే, దాన్ని పట్టుకుని అసలు కాగితం దాకా వెళ్లు. రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లో అన్నీ ఉంటాయి. వీడియోలు పది చూసినా అందరూ ఒకే మెసేజ్ చదువుతుంటారు.

మాట కూడా పట్టి చూడాలి. 2016 నవంబరు 8న పాత ఐదొందలు, వెయ్యి నోట్లకి చెప్పింది రద్దు. 2023 మే 19న రెండు వేల నోటుకి చెప్పింది ఉపసంహరణ, అంటే చెల్లుబాటు పోలేదు. జనం నోట్లో రెండూ రద్దే. ఆ రెండు వేల నోటప్పుడు నేనింకా బ్యాంకు కౌంటర్లోనే ఉన్నా. పూలమ్మే ఆవిడ ఒకావిడ చేతిరుమాలు ముడి విప్పి ఒక్క రెండు వేల నోటు ఇచ్చింది. ఇంకో నాలుగు అప్పటికే ఎవరికో 1,700 చొప్పున ఇచ్చేసిందట. "ఒకసారికి 20,000 దాకా ఊరికే మారుస్తాం, సెప్టెంబరు దాకా టైముంది" అంటే నా మొహం అలాగే చూస్తూ నిలబడింది. పన్నెండొందలు, బుజ్జీ. ఎన్ని మూరల పూలమ్మాలో.

(2016లో కొత్త రెండు వేల నోటులో చిప్ ఉందన్న పుకారు విని మా బ్రాంచిలోనే ఒకాయన లైటుకి అడ్డం పెట్టి వెతికాడు. నవ్వే ఓపిక ఎవరికీ లేదప్పుడు.)

ఆ డబ్బు మాత్రం బ్యాంకులో వేయమని మీ అమ్మకి చెప్పు. రద్దవుతుందని కాదు. డబ్బాలో ఎంత ఉందో పోయిన సంక్రాంతికి నన్నే అడిగింది.

మీ పెద్దమ్మ