కప్పుతో బియ్యం కొలిచిన సంగతి

ప్రశ్న: మాస్టారూ, మాది కాట్రేనికోన దగ్గర పల్లె. అమలాపురంలో బీఎస్సీ రెండో ఏడు చదువుతున్నాను. కబడ్డీలో రైడర్‌ని. ఈసారి యూనివర్సిటీ జట్టుకి ఎంపికవుతానని మా కాలేజీలో ఆటలు నేర్పే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ అంటున్నారు. పొద్దున ప్రాక్టీసు, పగలు క్లాసులు, సాయంత్రం మళ్ళీ గ్రౌండ్. బస్సులో రానూపోనూ రెండు గంటలు. పుస్తకం తీస్తే నిద్ర ముంచుకొస్తోంది. పోయిన సెమిస్టర్లో కెమిస్ట్రీ తప్పాను. నాన్న ‘సాత్విక్‌లా ఆడగలిగితే ఆడు, లేదంటే మానేసి చదువుకో’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు నాన్నగారి మాట చూద్దాం తల్లీ. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్ బ్యాడ్మింటన్ డబుల్స్‌లో బంగారం తెచ్చాడు. అప్పట్నుంచి కోనసీమలో ఏ పిల్ల ఆట ఆడినా అతనితోనే కొలుస్తున్నారు. అతను చిన్నప్పుడే హైదరాబాదు వెళ్ళి గోపీచంద్ అకాడమీలో చేరాడు. నీలాగ కెమిస్ట్రీ రికార్డు చంకన పెట్టుకుని బస్సెక్కి తిరగలేదు. కాబట్టి నాన్నగారికి వేరే మాట చెప్పు. ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో యూనివర్సిటీ తరఫున ఆడితే ఫారం-3 అని ఒక సర్టిఫికెట్ ఇస్తారు. కేంద్ర ప్రభుత్వంలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకి అది పనికొస్తుంది. అయితే డిగ్రీ అడిగే పోస్టుకి కెమిస్ట్రీ తప్పిన మార్కుల జాబితాతో వెళ్ళలేవు. ఈ రెండో సగం కూడా ఆయనకి నువ్వే చెప్పు, నమ్ముతారు.

నా సంగతి చెబుతాను. 1984లో నేను డిగ్రీ చివరి ఏడు, వాలీబాల్ పిచ్చి. టోర్నమెంటుకి వెళ్ళిన వారంలోనే ప్రాక్టికల్స్ తేదీ ముందుకి జరిపారు. ఎవరూ నాకు చెప్పలేదు. నిజం చెప్పాలంటే, నేనూ ఎవర్నీ అడగలేదు. కప్పు పట్టుకుని ఊరేగుతూ వచ్చేసరికి ల్యాబ్‌కి తాళం వేసుంది. ఏడాది పోయింది. ఆ ఏడాదంతా మా అమ్మ ఆ కప్పుతోనే బియ్యం కొలిచింది, ఒక్క మాట అనకుండా.

అందుకే టైమ్ టేబుల్ రాసుకోమని నీకు చెప్పను. గోడకి అంటించి మర్నాడే మర్చిపోతారు. హాజరు లెక్క వేసుకో. సెమిస్టర్లో 90 పనిదినాలు అనుకుంటే, 75 శాతం కావాలంటే నువ్వు పోగొట్టుకోగలిగేది 22 రోజులు. యూనివర్సిటీ క్యాంపు, ప్రయాణం, మ్యాచ్‌లు కలిపి పదిహేను రోజులు ఇట్టే ఎగిరిపోతాయి. మన అమలాపురానికి రైలు లేదాయె, రాజమండ్రి వెళ్ళి ఎక్కాలి. మిగిలేది వారం. అందులో జ్వరం, మేనత్త కూతురి పెళ్ళి, గోదావరికి వరదొచ్చి బస్సు రాని రోజులు.

వెళ్ళే ముందే, కాలేజీ తరఫునే ఆటకి వెళ్తున్నావని ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఆన్ డ్యూటీ కాగితం తీసుకో. పీడీ సార్ పంపిస్తారులే అని ఊరుకోకు. దాని నకలు ఒక్కో లెక్చరర్‌కీ నీ చేత్తో ఇచ్చి, ‘నేను లేనప్పుడు ల్యాబ్ ఏ రోజు, ఇంటర్నల్ ఏ రోజు, మళ్ళీ పెడతారా?’ అని నోటితో అడుగు. వచ్చాక బతిమాలితే విసుక్కునేవాళ్ళు కూడా ముందు అడిగితే తోవ చూపిస్తారు. పాతికేళ్ళు పీడీగా చేసి, కాగితం పట్టుకుని లెక్చరర్ల చుట్టూ తిరిగినవాణ్ణి, నాకు తెలుసు.

నిద్ర గురించి. బస్సులో చదవమని అందరూ అంటారు. వద్దు. ముమ్మిడివరం రాకముందే తల కిటికీకి కొట్టుకుంటుంది. ఆ గంట హాయిగా పడుకో. క్లాసులయ్యాక గ్రౌండ్‌కి వెళ్ళేలోపు లైబ్రరీలో గంట కూర్చో, అది కెమిస్ట్రీకే. ఇంటికెళ్ళి చదువుతానన్నది ఒట్టిమాట, ఆడొచ్చిన ఒళ్ళు అన్నం తినగానే వాలిపోతుంది. ల్యాబ్ ఉన్న రోజు పొద్దుటి ప్రాక్టీసు మానెయ్. పీడీ సార్ కోప్పడితే ఈ పత్రిక చూపించు.

ఇంకోటి చెబుతాను, నీకు నచ్చదు. ఈ సంక్రాంతికి ఊళ్ళల్లో జరిగే ప్రైజ్‌మనీ కబడ్డీ వదిలెయ్. ఇప్పుడు పెద్ద పోటీలు మ్యాట్ మీద, బూట్లతో. మన ఒండ్రుమట్టి కోర్టు ఎండితే రాయి, తడిస్తే జారుడు. వెయ్యి రూపాయల కోసం మోకాలు మెలిపెట్టుకుంటే అటు జట్టూ పోతుంది, ఇటు మేడమీది క్లాసుకి మెట్లూ ఎక్కలేవు. ఊళ్ళోవాళ్ళు బతిమాలతారు, పిరికిదంటారు. అననీ.

నాన్నగారితో నువ్వొక్కదానివే వాదించకు. పీడీ సార్‌ని ఒకరోజు ఇంటికి పిలిచి టీ ఇవ్వండి, మిగతాది వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు.

అన్నట్టు, కెమిస్ట్రీ మళ్ళీ రాయడానికి ఫీజు కట్టే ఆఖరు తేదీ కనుక్కున్నావా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. సోమవారం పొద్దున్నే, గ్రౌండ్‌కి వెళ్ళకుండా, ఆఫీసు కిటికీ దగ్గరికెళ్ళి అడుగు.