రాగి వాషర్ దొరికితేనే కేసు నిలబడేది

ప్రశ్న: మాది ఖమ్మం. నా డీజిల్ కారులో టర్బోకు వెళ్లే ఆయిల్ పైపు జాయింటు దగ్గర లీకవుతుంటే ఊళ్లోనే ఒక షెడ్డులో ఇచ్చాను. బాగుచేశామని రూ.4,200 తీసుకున్నారు. ఫోన్‌పేలో కట్టాను, బిల్లు ఇవ్వలేదు. తొమ్మిదో రోజు సూర్యాపేట వెళ్తుంటే ఎర్ర ఆయిల్ లైటు వెలిగింది. కొంచెం దూరం పోయాక ఇంజిన్ పట్టేసింది. బండిని మళ్లీ ఆ షెడ్డుకే టోయింగ్ చేయించాను. 'పాత బండి, మాకు సంబంధం లేదు. ఇంజిన్ విప్పాలి, లక్షా నలభై వేలవుతుంది' అంటున్నారు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కానీ అంతకన్నా ముందు ఈ రోజే వాళ్లకు వాట్సాప్‌లో ఒక మాట పెట్టండి: 'నా అనుమతి లేకుండా ఇంజిన్ విప్పవద్దు, ఆ జాయింటు ముట్టుకోవద్దు.' మీ కేసంతా ఆ జాయింటులోనే ఉంది.

అక్కడ ఉండేది బాంజో బోల్టు. మధ్యలో బోలుగా ఉండి, అందులోంచే ఆయిల్ పోతుంది. దానికి అటూ ఇటూ రెండు రాగి వాషర్లు. బోల్టు బిగించినప్పుడు అవి నలిగితేనే సీలు పడుతుంది కాబట్టి విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. పాతవే వేసినా, అతిగా బిగించి త్రెడ్ పాడుచేసినా మళ్లీ లీకే. ఈ రెండింటిలో ఏది జరిగినా బోల్టు విప్పి చూస్తే తెలుస్తుంది. వాళ్లే విప్పి కొత్త వాషర్లు వేసేశారంటే ఇక మీరు చూపించడానికేమీ ఉండదు. సేవాలోపాన్ని నిరూపించాల్సింది ఫిర్యాదుదారుడేనని సుప్రీంకోర్టు 2021లోనూ చెప్పింది.

అందుకే బండిని బయటకు తెచ్చి, ఆ షెడ్డుతో సంబంధం లేని ఆటోమొబైల్ ఇంజినీరుకో, వాహన నష్టం అంచనా వేసే సర్వేయరుకో చూపించండి. ఫలానా రోజు విప్పుతున్నాం, మీరూ రండి అని షెడ్డువాళ్లకు ముందే రాతపూర్వకంగా చెప్పండి. రాకపోతే వాళ్లిష్టం. విప్పేటప్పుడు వీడియో తీయించి, రిపోర్టు సంతకంతో తీసుకోండి. తీసిన వాషర్లు, బోల్టు కవర్లో పెట్టి దాచండి. పాత పనికి డబ్బు కట్టేశారు కాబట్టి ఆ పని పేరుతో బండిని ఆపే హక్కు వాళ్లకు లేదు. కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇచ్చే హక్కు, చేసిన పనికి రావాల్సిన కూలి వరకే.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట 'కొంచెం దూరం'. ఎర్ర లైటు వెలిగితే వెంటనే ఇంజిన్ ఆపాలని కారుతో ఇచ్చే పుస్తకంలోనే ఉంటుంది. అవతలి లాయరు మొదట పట్టుకునేది దీన్నే. అర కిలోమీటరా, ఆరు కిలోమీటర్లా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎక్కువ దూరమైతే మొత్తం పరిహారం రాకపోవచ్చు, కొంత కోత పడవచ్చు. అయినా లీకేజీ సరిగా ఆపకపోవడం వాళ్ల తప్పు కాకుండా పోదు.

బిల్లు లేదని టెన్షన్ వద్దు. ఫోన్‌పే చెల్లింపు, వాళ్లతో నడిచిన మెసేజ్‌లు చాలు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. ఫీజు మీరు అడిగే లక్షా నలభై వేలను బట్టి కాదు, షెడ్డుకు కట్టిన సొమ్మును బట్టి లెక్క. రూ.5 లక్షల లోపు ఫీజే లేదు. గడువు రెండేళ్లు. లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు, నోటీసు కూడా చట్టం అడగదు. నేనైతే స్పీడ్ పోస్టులో ఒకటి పంపమంటాను. చాలా షెడ్లు ఆ కాగితం చూశాకే మాట్లాడటానికి వస్తాయి. కారును ట్రావెల్స్ వ్యాపారానికి తిప్పుతుంటే మాత్రం కథ వేరు, ఈ చట్టం కింద మిమ్మల్ని వినియోగదారుడిగా లెక్కించకపోవచ్చు. సొంతంగా నడుపుకుని బతికేవారికి ఆ ఇబ్బంది లేదు.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. ఇలాంటి మెకానికల్ బ్రేక్‌డౌన్ మామూలు పాలసీలో రాదు.

బండి బయటకు తెచ్చేముందు మీటరు రీడింగ్ ఫొటో తీసుకోండి. తొమ్మిది రోజుల్లో ఎన్ని కిలోమీటర్లు తిప్పారని వాళ్లు తప్పకుండా అడుగుతారు.