గ్రీన్ జీబ్రా టమాటా పచ్చగానే ఉంటుంది కదా, పండిందని ఎలా తెలుస్తుంది?

నొక్కి చూడండి. పండితే కాయ కాస్త మెత్తబడి, ముదురు ఆకుపచ్చ చారల మధ్య లేతపచ్చ పసుపులోకి తిరుగుతుంది. పచ్చిదేలే అని వదిలేస్తే ఉడతల పాలే!

చూడ్డానికి పాతకాలపు రకంలా ఉన్నా, ఇది అమెరికాలో టామ్ వాగ్నర్ అభివృద్ధి చేసి 1983లో విడుదల చేసిన రకం. హైబ్రిడ్ కాదు, కాబట్టి గింజలు దాచుకుని మళ్లీ నాటొచ్చు.

మన మేడమీద అయితే ఆగస్టు, సెప్టెంబరులో నారు పోయండి. ఎండాకాలంలో పూత రాలిపోతుంది, అప్పుడు వద్దు. మొక్క పొడవుగా సాగుతుంది; 20 లీటర్ల కుండీ, గట్టి కర్ర కావాలి. నీళ్లు ఒకరోజు పోసి రెండు రోజులు మరిచిపోతే కాయ అడుగు నల్లబడుతుంది. చాలామంది తెగులనుకుని మందు కొడతారు. నిజానికి కాయకు కాల్షియం సరిగా అందకపోవడం అది.