205 జీటీఐనా, క్లియో 182 ట్రోఫీనా?

బ్రిటన్‌లో ఉంటున్న ఒక పాఠకుడు, సేకరణగా దాచుకోవడానికి ప్యూజో 205 జీటీఐ 1.9, రెనో క్లియో 182 ట్రోఫీ అనే రెండు పాత ఫ్రెంచి చిన్న కార్లలో ఏది తీసుకోవాలని అడిగారు. నా ఓటు 205కే. కాకపోతే వెనక బీమ్, అంటే వెనక చక్రాలను మోసే అడ్డ దూలం, బాగుండాలి.

బానెట్ ఎత్తకముందే కారు వెనక్కి వెళ్లి, కాస్త దూరంలో గొంతుక్కూర్చుని చక్రాలు చూడండి. పైభాగాలు లోపలికి వాలి ఉంటే బీమ్ పోయినట్టే. చక్రాలను పట్టుకునే వెనక ఆర్మ్‌లు రెండూ బీమ్ ట్యూబులోని షాఫ్టుల మీద, సన్నటి సూదుల్లాంటి రోలర్లున్న నీడిల్ బేరింగులతో ఆడతాయి. సీలు చెడిందంటే నీళ్లు దూరతాయి, గ్రీజు పోతుంది, ఆ సూదులే షాఫ్టును తినేస్తాయి. జాకీ వేసి టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి, ఏ మాత్రం ఆట ఉండకూడదు. టైరు లోపలి అంచు అరిగిందేమో చేత్తో తడిమి చూడండి. ముందే పట్టుకుంటే షాఫ్టులు, బేరింగులు, సీళ్లు మారిస్తే సరి. ట్యూబే అరిగిందంటే రీకండిషన్ చేసిన బీమ్ మొత్తం వేయాలి. స్ప్రింగుల్లా మెలితిరిగే టార్షన్ బార్లు వాటి చివరి పళ్లలో (స్ప్లైన్లలో) తుప్పుపట్టి కరుచుకుపోతాయి గనక విప్పడమే పెద్ద యాగీ.

అందుకే 'చాలా తక్కువ తిరిగిన బండి' అన్న ప్రకటన చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న బండిలోనూ ఈ బేరింగులు తుప్పుపడతాయి. మీటరు అంకెకు డబ్బు పోసి బీమ్ చూడనివాళ్లు ఎంతమందో!

ట్రోఫీ 2005 నాటిది. బ్రిటన్‌కి 500, స్విట్జర్లాండ్‌కి 50 చేశారు. 2 లీటర్ల ఇంజిన్, 182 హార్స్‌పవర్, ముందు విడి ఆయిల్ డబ్బాలున్న (రిజర్వాయర్లు) సాక్స్ కంపెనీ డ్యాంపర్లు, అంటే కుదుపులు ఆపే షాక్ అబ్జార్బర్లు. నడపడానికి అద్భుతమే, కానీ దాని జబ్బు కంటికి కనబడదు. క్రాంక్‌ను, వాల్వులు తెరిచే క్యామ్‌లను ఒకే లయలో తిప్పే టైమింగ్ బెల్టును 5 ఏళ్లకోసారి మార్చాలి, వాల్వులు తెరుచుకునే వేళను సర్దే డీఫేజర్ పుల్లీతో సహా. క్రాంక్ పుల్లీకి జారకుండా ఆపే లోహపు ముక్క (కీ) ఉండదు, బోల్టు బిగింపే పట్టి ఉంచుతుంది. క్రాంక్, క్యామ్‌లను కదలకుండా పట్టే లాకింగ్ టూల్స్ లేకుండా పెన్నుతో గుర్తులు పెట్టుకుని మారిస్తే టైమింగ్ తప్పిపోవచ్చు. గేర్‌బాక్స్ వైపు ఇంజిన్ పైభాగం (హెడ్) చివర రెండు ప్లాస్టిక్ మూతలుంటాయి. క్యామ్‌లను లాక్ చేయాలంటే వాటిని పొడిచి తీసి కొత్తవి వేయక తప్పదు. బెల్టు కొత్తదంటూ మూతలు మాత్రం పాతవే కనిపిస్తే ఆ బిల్లును నమ్మకండి. స్టార్ట్ చేయగానే డీజిల్ బండిలా కటకటమంటే డీఫేజర్ పని అయిపోవచ్చింది.

205కి 130 హార్స్‌పవరే, బరువు మాత్రం 900 కిలోల దరిదాపు. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం జారిపోతుంది, తడి రోడ్డు మీద ఆ ప్రయోగం వద్దు. ఇంకోటి, 1.6ని 1.9గా మార్చినవి బోలెడున్నాయి. వెనక డిస్కుల బదులు డ్రమ్ములుంటే అనుమానించండి. ఇంజిన్ మీద డీ6బీ అని, పొగను శుద్ధిచేసే క్యాటలిస్ట్ ఉన్నదైతే డీకేజెడ్ అని ఉందో లేదో చూశాకే ధర మాట్లాడండి.