కారు ఆగిన చోట

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఖండాలు దాటిన కార్ల రికార్డులన్నీ తేదీలతో సహా పోగుచేశావు. పడ్డ కష్టం తెలుస్తోంది. కానీ 1907లో పెకింగ్ (ఇప్పటి బీజింగ్) నుంచి పారిస్‌కు జరిగిన కార్ల పోటీకి నువ్విచ్చింది ఒక్క వాక్యం: యువరాజు బోర్గేసే ఇటాలా కారులో రెండు నెలలకు పారిస్ చేరి గెలిచాడు. అక్కడే నాకు బాధేసింది.

పెకింగ్ దాటగానే కొండలు. కారు నడిచే దారి లేక మనుషులు, కంచరగాడిదలు తాళ్లు కట్టి లాగారు. గోబీ ఎడారిలో టెలిగ్రాఫ్ తీగ వెంటే పోయారు. పెట్రోలు ముందే ఒంటెల మీద పంపించారు. సైబీరియాలో చెక్క వంతెన విరిగి కారు కింద పడింది. రష్యాలో చక్రం పాడైతే ఒక పల్లె వడ్రంగి గొడ్డలితో చెక్కి కొత్తది చేసిచ్చాడు. ఇలా కారు ఆగిపోయిన ప్రతిచోటా కథ ఉంది, అది వదిలేశావు. ఆ కారును మళ్లీ మళ్లీ నడిపించిన మెకానిక్ ఎత్తోరె గుయిజార్ది పేరు కూడా నీ వ్యాసంలో లేదు. తప్పకుండా చేర్చు.

రికార్డు రాసేటప్పుడు దాని షరతులు కూడా రాయాలి. 1908 న్యూయార్క్–పారిస్ పోటీలో జర్మన్ కారు ప్రోటోస్ పారిస్‌కు నాలుగు రోజులు ముందే చేరింది. అమెరికాలో కొంతదూరం రైలెక్కించారని దానికి పెనాల్టీ పడింది. జులై 30న వచ్చినా, జార్జ్ షుస్టర్ నడిపిన అమెరికన్ కారు థామస్ ఫ్లయర్ గెలిచింది.

1989లో సలూ, నీనా చౌదరి దంపతులు కాంటెస్సా కారులో 69 రోజుల 19 గంటల 5 నిమిషాల్లో ప్రపంచాన్ని చుట్టారు. ఆరు ఖండాలు, కనీసం భూమధ్యరేఖ పొడవంత డ్రైవింగ్, అంటే 40,075 కిలోమీటర్లు అన్న లెక్క చెప్పకపోతే ఆ సమయం ఎంత గొప్పదో పాఠకుడికి ఎలా తెలుస్తుంది? పైగా వాళ్ల పక్కనే 1927–29లో కారులో ప్రపంచాన్ని చుట్టిన జర్మన్ మహిళ క్లెరెనోర్ స్టిన్నెస్‌ను పెట్టి, రెండేళ్ల పని 70 రోజులకు తగ్గిందన్నావు. ఆమె గడ్డకట్టిన బైకాల్ సరస్సు మీద కారు నడిపింది, ఆండీస్‌లో డైనమైట్‌తో దారి చేసుకుంది. మధ్యలో అరవై ఏళ్ల పాటు రోడ్లు పడ్డాయి. ఆ పోలిక తీసెయ్యి.

పనామా, కొలంబియాల మధ్య డేరియన్ అడవిలో ఇప్పటికీ రోడ్డు లేదు. సుమారు 100 కిలోమీటర్లే. 1972లో ఒక బ్రిటిష్ బృందం రెండు రేంజ్ రోవర్లను దాన్ని దాటించడానికి మూడు నెలలకు పైనే పట్టింది. ముందు ఆ మూడు నెలల మీద ఒక్క పేరా రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.